ఏటి నడుమ ఇంజను ఆగితే

మోటారు పడవ ఇంజను ఆగిపోగానే మా వైపు చేసే మొదటి పని ప్లగ్గు విప్పటం. ప్లగ్గును లుంగీ చెంగుతో తుడిచి, నోటితో ఊది, మళ్ళీ బిగించి తాడు లాగుతారు. ఒక్కొక్కప్పుడు ఇంజను అందుకుంటుంది కూడా. అందుచేత రోగం ప్లగ్గులోనే ఉన్నదని అందరికీ గట్టి నమ్మకం. కాని ప్లగ్గు విప్పి బిగించే ఆ ఐదు నిమిషాల్లో మరేదో జరిగి ఉంటుంది. పెట్రోలు డబ్బాలోకి సన్నటి సందుగుండా కాస్త గాలి చేరి ఉంటుంది, లేదా వేడెక్కిన గొట్టం చల్లబడి ఉంటుంది. మళ్ళీ పావుమైలు పోయేసరికి ఇంజను మళ్ళీ ఆగుతుంది. అప్పుడు "దీనికి మంచి ప్లగ్గు కావాలండీ" అంటారు.

మన యూనియన్ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగారు. నాకు కవిత్వం రాదు. నాకు తెలిసింది రెండే - బి.ఎస్సీ.లో చదువుకుంటున్న కాస్త ఫిజిక్సు, కెమిస్ట్రీ. ఇంటి దగ్గర అరటి, కంద, ఆ రెంటినీ ఏరు దాటించే ఒక పాత మోటారు. ఈ రెండూ ఒకదానికొకటి ఎక్కడ పనికొస్తాయో చెప్పబోతున్నాను. పాఠ్యపుస్తకంలో బాయిల్ సూత్రం చదివినప్పుడు అది పెట్రోలు డబ్బా మూతలో కూర్చుని ఉందని నాకెవరూ చెప్పలేదు.

మాది గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామం. వేసవిలో ఇసుక తిన్నెల మీద నడిచి, మోకాలి లోతు నీళ్ళు దాటి అవతలికి పోవచ్చు. ఆ రోజుల్లో ఇంజను ఆగితే అదొక పెద్ద విషయం కాదు. గెడ వేసి రేవుకు తెచ్చుకుంటారు. జూలై నుంచి సెప్టెంబరు దాకా సంగతి వేరు. గెడకు అడుగు అందదు, ప్రవాహం ఆగదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు చూశాం. అటువంటి వరదల్లో సైతం పడవలు తిరగక తప్పదు, లంకలో చిక్కుకున్నవాడికి పడవ తప్ప దిక్కు లేదు గనుక.

ఎడ్లబండి ఇరుసు విరిగితే బండి అక్కడే ఉంటుంది, చుట్ట కాల్చుకుంటూ ఆలోచించవచ్చు. పడవ అక్కడే ఉండదు. క్షణానికి ఒకటిన్నర మీటర్ల వేగంతో నీరు పోతున్నదనుకుంటే, ప్లగ్గు విప్పి బిగించిన ఐదు నిమిషాల్లో పడవ 450 మీటర్లు కిందికి కొట్టుకుపోతుంది. ఆ 450 మీటర్లలో వంతెన స్తంభం ఉండవచ్చు, మునిగిన చెట్టు ఉండవచ్చు. 2018 జూలైలో ఐ. పోలవరం మండలం పశువుల్లంక దగ్గర ఒక నాటు పడవ, కడుతున్న వంతెన స్తంభానికి కొట్టుకుని బోల్తాపడి బడిపిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ప్రమాదపు కారణాల జోలికి నేను పోవటం లేదు. వరద నీటిలో స్తంభం ఎదురుగా అదుపు తప్పిన పడవకు వ్యవధి ఉండదని చెప్పటమే నా ఉద్దేశం. కనుక ఆగిన ఇంజను ఎందుకు ఆగిందో రెండు మూడు నిమిషాల్లో తేల్చుకోగలగాలి. చాలాసార్లు తేల్చుకోవచ్చు కూడా. దానికి పానా అక్కర్లేదు, అరచెయ్యి చాలు.

ముందు ఆ యంత్రం ఎట్లాంటిదో రెండు మాటలు. పడవ వెనక చెక్కకు బయటివైపున తగిలించే మోటారు గనుక దాన్ని అవుట్‌బోర్డు మోటారంటారు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో ఇటువంటి మోటార్లను అమ్మకానికి తెచ్చి ప్రసిద్ధుడయ్యాడు. మా ఊళ్ళో నలుగురు రైతులు కలిసి కొన్నది 8 హార్స్‌పవర్ టూ స్ట్రోకు మోటారు. అది మా దగ్గరకు వచ్చేటప్పటికే రెండు చేతులు మారింది. దానిలో ఆయిలుకు వేరే డబ్బా లేదు. పెట్రోలులోనే కలిపి పోయాలి. యాభై పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు ఆయిలు, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. ఈ ఆయిలు సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

పెట్రోలు ప్రయాణం ఇట్లా సాగుతుంది. పడవ అడుగున 24 లీటర్ల డబ్బా. దాని మూతకు గాలి లోపలికి పోవటానికి చిన్న మర. డబ్బాలో అడుగుదాకా దిగిన సన్న గొట్టం, దాని కొసన జల్లెడ. అక్కడినుంచి రబ్బరు పైపు. పైపు మధ్యలో పిడికిట్లో పట్టే రబ్బరు బల్బు, దాని రెండు చివరలా ఒకవైపే తెరుచుకునే వాల్వులు. తరవాత ఇంజనుకు తగిలించే క్లిప్పు. ఇంజను మీద చిన్న పంపు. చివరకు కార్బురేటరు. ఇన్ని మజిలీల్లో కార్బురేటరు ఆఖరుది. మెకానిక్కు మాత్రం మొట్టమొదట విప్పేది దాన్నే. విప్పి, కడిగి, కూలి తీసుకుని పోతాడు. మూడో రోజున రోగం తిరగబెడుతుంది. నేను చూసినంతలో తప్పు కార్బురేటరుకు ఇవతలే ఉంటుంది, అదీ ఎక్కువగా పైసా ఖర్చులేని చోట.

ఇక్కడ కాస్త ఫిజిక్సు అవసరం. పంపు పెట్రోలును లాగుతుందంటాం గాని, లాగేదేమీ లేదు. పంపు తన దగ్గర ఒత్తిడిని కాస్త తగ్గిస్తుంది, అంతే. డబ్బాలోని పెట్రోలు మీద కూర్చున్న గాలి ఆ పెట్రోలును పైకి నెడుతుంది. నెట్టేది వాతావరణం. డబ్బానుంచి పంపుదాకా అరమీటరు ఎత్తు అనుకుందాం. పెట్రోలు సాంద్రత సుమారు 0.74. లెక్కవేస్తే ఆ అరమీటరు ఎక్కటానికి కావలసిన ఒత్తిడి తేడా వాతావరణ పీడనంలో వందకు నాలుగు వంతులు కూడా కాదు. అంత తేలిక పని. కాని తేలిక పని అంత తేలికగానూ చెడుతుంది. ఆ కాసింత తేడాను చెడగొట్టటానికి ఒక వెంట్రుకవాసి సందు చాలు, లేదా మూసి ఉన్న ఒక మర చాలు.

మరతో మొదలుపెడతాను. మా బాబాయి ఒక చిత్రమైన మాట అంటూ ఉండేవాడు: "డబ్బా నిండుగా ఉంటే దీనికి బద్ధకంరా అబ్బాయ్, సగానికి దిగాక హుషారవుతుంది." అందరూ నవ్వేవాళ్ళు. కాని ఆయన చూసింది నిజమే. గాలి మర మూసి ఉంటే జరిగేది సరిగ్గా అదే.

ఎట్లాగంటే, మోటారు గంటకు 3 లీటర్లు తాగుతుందనుకోండి. అంటే నిమిషానికి 50 మిల్లీలీటర్లు. డబ్బాలో 23 లీటర్లు పోశాం, పైన ఖాళీ ఒక్క లీటరు. మర మూసి ఉంది. ఒక నిమిషం గడిచేసరికి ఒక లీటరు గాలి 1.05 లీటర్ల చోటులో సర్దుకోవాలి. బాయిల్ సూత్రం ప్రకారం దాని ఒత్తిడి వందకు దాదాపు ఐదు వంతులు పడిపోతుంది. మూడు నిమిషాలకు పదమూడు వంతులు. పెట్రోలు పైకి ఎక్కటానికి కావలసిందే వందకు నాలుగు వంతులని చెప్పుకున్నాం గదా, డబ్బా వెనక్కి లాగే బలం ముందుకు నడిపే బలాన్ని మించిపోతుంది. అదే డబ్బా సగం ఖాళీ అయితే పైన 12 లీటర్ల గాలి ఉంటుంది. ఐదు వంతులు పడిపోవటానికి అప్పుడు పన్నెండు నిమిషాలు పడుతుంది. ఈలోపు మా పాయ దాటేస్తాం. డబ్బాలో ఊరే పెట్రోలు ఆవిరి కొంత లోటు పూడుస్తుంది గనుక లెక్క అచ్చంగా ఇంతే రాదు. నిజానికి ఇంకొంచెం ఆలస్యంగా ఆగుతుంది. కాని నిండు డబ్బా ముందు ఆగుతుంది, సగం డబ్బా తరవాత ఆగుతుంది అనే మాట మారదు. బాబాయికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే, "అయితే నేను చెప్పిందేగా" అన్నాడు. నిజమే, ఆయన చెప్పిందే.

మర ఎందుకు మూసి ఉంటుందని అడగవచ్చు. డబ్బాను సైకిలు మీదనో బండి మీదనో తీసుకుపోయేటప్పుడు తొణికి కారకుండా మూస్తారు. మూయాలి కూడా. రేవులో దించాక తెరవటం ఎవరి పని అనేది ఎవరూ అనుకోరు. ఒక్కోసారి మర తెరిచే ఉంటుంది, కాని దాని రంధ్రంలో బురద, లేకపోతే కందిరీగ పెట్టిన మట్టిగూడు.

ఇక బల్బు దగ్గరకు వద్దాం. చాలామంది దీన్ని ఇంజను స్టార్టు చేయటానికి ముందు నాలుగుసార్లు నొక్కే వస్తువుగా మాత్రమే చూస్తారు. నా మటుకు అది డాక్టరు చెవికి తగిలించుకునే గొట్టంలాంటిది. ఇంజను నీరసించిన క్షణంలో బల్బును పట్టుకుంటే పెట్రోలు దారిలో అడ్డం ఎక్కడుందో అది చెబుతుంది.

బల్బు చప్పిడిగా, రెండు పక్కలు అంటుకుపోయి ఉందా? అంటే ఇంజను అడుగుతోంది, డబ్బా ఇవ్వటం లేదు. అడ్డు బల్బుకు ఇవతల, డబ్బా వైపు ఉంది. మూత మర, అడుగు జల్లెడ, డబ్బానుంచి బల్బుదాకా ఉన్న పైపు - ఈ మూడే చూడాలి. మూత కాస్త వదులు చేస్తే బుస్సుమని గాలి లోపలికి పోయిన చప్పుడు వినబడితే రోగమూ తెలిసింది, వైద్యమూ అయిపోయింది.

బల్బు మెత్తగా ఉంది, ఎన్నిసార్లు నొక్కినా గట్టిపడటం లేదు. అప్పుడు ఎక్కడో గాలి దూరుతోంది, లేదా బల్బులోని వాల్వు కూర్చోవటం లేదు, లేదా అవతల కార్బురేటరులో సూది మూసుకోక పెట్రోలు పొంగిపోతోంది. మూడోదైతే ముక్కుకే తెలిసిపోతుంది. ఇంజను చుట్టూ పెట్రోలు వాసన, నీటి మీద రంగులు తేలటం. అన్నట్టు, నొక్కేటప్పుడు బల్బును ఇంజనువైపు కొస పైకి ఉండేట్టు నిలువుగా పట్టుకోవాలి. లోపలి వాల్వులు తమ బరువుకు తామే సరిగ్గా కూర్చుంటాయి. దాని మీద బాణం గుర్తు ఉంటుంది, అది ఇంజనువైపు చూడాలి. బాగుచేసేవాళ్ళు తిరగేసి తొడిగిన బల్బును నా కళ్ళతో చూశాను. తిరగేస్తే ఒక్క చుక్క పోదు.

బల్బు రాయిలా గట్టిగా ఉండి కూడా ఇంజను ఆగిందంటే డబ్బా నుంచి బల్బు దాకా పెట్రోలు బాగానే వచ్చింది. అడ్డు అవతల ఉంది, లేదా అసలు పెట్రోలు తప్పే కాదు. అప్పుడు ప్లగ్గు విప్పండి, ఎవరూ కాదనరు.

అన్నిటికన్నా విలువైన పరీక్ష ఇంకొకటి ఉంది. ఇంజను పూర్తిగా ఆగకముందు, మూలుగుతున్నప్పుడే, బల్బును వరసగా నొక్కుతూ పోవాలి. ఇంజను తేరుకుని మళ్ళీ పరుగందుకుంటే ఇంజను మీది పంపు పని చెయ్యి చేస్తోందన్నమాట. పంపు చెడింది, లేదా పంపుకు ముందు గాలి దూరుతోంది. ఈ పరీక్షలో రోగం తెలియటమే కాదు, పడవ రేవుకు కూడా చేరుతుంది. ఒకడు చుక్కాని పట్టుకుంటే ఒకడు బల్బు నొక్కుతూ కూర్చుంటాడు. 2022 వరదలో మా పాత మోటారు ఇట్లాగే నలుగురు మనుషుల్ని, రెండు దూడల్ని గట్టు చేర్చింది. నొక్కింది నేను. అరచెయ్యి బొబ్బలెక్కింది గాని ఇంజను ఆగలేదు.

గాలి దూరటం గురించి విడిగా చెప్పాలి. ఎందుకంటే మనవాళ్ళకు నమ్మకం కుదరనిది ఇదే. "కారటం లేదు గదండీ, పైపు బాగానే ఉంది" అంటారు. పైపులోపల ఒత్తిడి బయటి కన్నా తక్కువ అయినప్పుడు సందుంటే పెట్రోలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. కారకపోవటం ఆరోగ్యానికి గుర్తు కాదు. వ్యవసాయం చేసేవాళ్ళకు ఇది కొత్త కాదు. బోదె మీది పంపుసెట్టు నీళ్ళు లాగనప్పుడు సక్షన్ పైపు జాయింటుకు తడిమట్టి మెత్తుతాం గదా. అక్కడ నీరు కారుతోందని మెత్తం, గాలి పీలుస్తోందని మెత్తుతాం. ఫుట్ వాల్వు పాడైతే నీళ్ళు దిగిపోయి మళ్ళీ మళ్ళీ పోయాల్సి వస్తుంది. బల్బులోని వాల్వులు చేసేదీ ఆ ఉద్యోగమే. పొలంలో ఇంత తెలిసినవాడు పడవెక్కగానే ఎందుకు మరిచిపోతాడో నాకు అర్థం కాదు.

ఎక్కువగా గాలి పీల్చే చోటు ఇంజనుకు తగిలించే క్లిప్పు. దానిలో చిన్న రబ్బరు ఉంగరం ఉంటుంది. అది ఎండి చీలినా, అరిగినా చాలు. కనుక్కోవటానికి సులభమైన ఉపాయం: బల్బు నొక్కి పైపులో ఒత్తిడి ఎక్కించి సబ్బునీళ్ళు పూయండి. ఇప్పుడు లోపలి ఒత్తిడి ఎక్కువ గనుక సందున్న చోట తడి ఊరుతుంది, లేదా బుడగ లేస్తుంది. ఇది రేవులో చేసే పని, ఏటి మధ్యలో కాదు. ఆ సమయంలో పక్కన బీడీ వెలిగించేవాణ్ణి ముందు గట్టెక్కించాలి.

పంపు సంగతి క్లుప్తంగా చెబుతాను. టూ స్ట్రోకు ఇంజనులో పిస్టను పైకీ కిందికీ ఆడినప్పుడల్లా క్రాంకు గదిలో ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ ఊపుకు ఒక పల్చటి పొర అటూ ఇటూ కదులుతుంది. దాన్నే డయాఫ్రం అంటారు. ఆ కదలికే పంపు. పొర గట్టిపడితే వేగంలో పెట్రోలు చాలదు. పొరకు చిల్లిపడితే పెట్రోలు నేరుగా క్రాంకు గదిలోకి పోయి ఇంజను తడిసిపోతుంది, పొగ కక్కుతుంది. చిన్న ముక్క, మార్చటం అరగంట పని.

కార్బురేటరులో ఒక గిన్నె ఉంది, దానిలో తేలే ఫ్లోటు ఉంది, ఫ్లోటు లేచినప్పుడు దారి మూసే సూది ఉంది. నెమ్మదిలో నడుస్తూ పూర్తి వేగంలో చచ్చిపోతే పెట్రోలు చాలటం లేదు, లేదా పెద్ద జెట్టు మూసుకుంది. వేగంలో బాగా ఉండి నెమ్మది చేయగానే ఆగిపోతే చిన్న జెట్టు మూసుకుంది. ఇంతకు మించి ఇక్కడ అక్కర్లేదు. కాని ఆ గిన్నె ఒక మోసం చేస్తుంది, అది చెప్పాలి. రాత్రంతా పడవ కట్టేసి ఉన్నా గిన్నెలో కాస్త పెట్రోలు నిలవ ఉంటుంది. పొద్దున తాడు లాగగానే ఇంజను చక్కగా అందుకుంటుంది. డబ్బానుంచి ఒక్క చుక్క రాకపోయినా గిన్నెలో ఉన్నదానితో కొంతసేపు ఆడుతుంది. "ఒక్క లాగుకు అందుకుంది, ఈరోజు బాగుంది" అని మనుషుల్ని ఎక్కించుకుని బయల్దేరతారు. గిన్నె ఖాళీ అయ్యేసరికి పడవ రేవు వదిలి నడి ఏటిలో ఉంటుంది. ఇంజను సరిగ్గా లోతున్న చోటే ఆగుతుందని మా ఊళ్ళో గంగమ్మ మీద పెట్టే నింద వెనక ఉన్నది ఈ గిన్నే. కనుక పడవ గట్టుకు కట్టే ఉండగానే, కాస్త బిగువు ఇచ్చి, ఐదు నిమిషాలు ఆడించి చూసి అప్పుడు మనుషుల్ని ఎక్కించాలి. పెట్రోలు దండగ అంటారు. ఆ ఐదు నిమిషాలకు పోయేది పావు లీటరు.

మా బి.ఎస్సీ. చదువు నిజంగా అక్కరకొచ్చింది మరో చోట. ఇప్పుడు బంకుల్లో మనకు పోసేది ఒట్టి పెట్రోలు కాదు. మన దేశంలో 2003 నుంచి కొన్ని రాష్ట్రాల్లో వందకు ఐదు పాళ్ళ ఇథనాలు కలపటం మొదలైంది, అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2022 నాటికి అది పది పాళ్ళయింది, 2025 నాటికి ఇరవై. చెరకు, మొక్కజొన్న, నూకలనుంచి వచ్చే సరుకు గనుక రైతు బిడ్డగా నాకు దానిమీద కోపం లేదు. కాని ఇథనాలుకు నీరంటే ప్రీతి. మా మోటారు ఇథనాలు ఊసు లేని రోజుల్లో పుట్టింది, దాని పైపులూ ఉంగరాలూ ఆ రోజులవే. వాటి రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, లోపలి పొర ఊడుతుంది. ఊడిన పొర పైపులో రెపరెపలాడుతూ వేగం పెంచినప్పుడు దారి మూస్తుంది, ఇంజను ఆపగానే తెరుచుకుంటుంది. పైకి పైపు నిగనిగలాడుతూ ఉంటుంది! ఇట్లాంటి పైపును కోసి చూస్తే తప్ప పట్టుకోలేరు.

లాబులో ఒక కొలజాడీలో 100 మిల్లీలీటర్ల బంకు పెట్రోలు, 10 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి బాగా కదిపి నిలబెట్టి చూశాను. నీళ్ళ పొర అడుగున 10 దగ్గర ఉండాలి. 30 దరిదాపులకు వచ్చింది. పెట్రోలులోని ఇథనాలంతా నీళ్ళలోకి దిగిపోయింది. డబ్బాలోనూ ఇదే జరుగుతుంది. కాసిని నీళ్ళను ఇథనాలు తనలో కలుపుకుని పెట్రోలుతోపాటే మోసుకుపోతుంది, హాని లేదు. మోతాదు మించితే మాత్రం నీరూ ఇథనాలూ చెయ్యి కలిపి అడుగుకు దిగుతాయి. డబ్బాలో పీల్చే గొట్టం కొస ఉన్నది అడుగునే! ఇంజను తాగేది ఆ పొరను. ఆయిలు పైనున్న పెట్రోలుతో ఉండిపోతుంది. వానాకాలంలో సగం డబ్బా వారాలతరబడి నిలవ ఉంచితే ఈ ప్రమాదం ఎక్కువ. అనుమానం వస్తే డబ్బా అడుగునుంచి కొంచెం గాజుసీసాలోకి తీసి పావుగంట ఉంచండి. రెండు పొరలు కనబడితే ఆ డబ్బా వాడవద్దు.

ఎండాకాలపు బాధ ఇంకొకటుంది. పెట్రోలులోని తేలికపాటి భాగాలు 40 డిగ్రీల దరిదాపుల్లోనే మరగటం మొదలుపెడతాయి. మే నెలలో ఎండలో ఉన్న నల్లటి పైపు అంతకన్నా వేడెక్కుతుంది. పంపు తగ్గించిన ఒత్తిడిలో అది ఇంకా తొందరగా మరుగుతుంది. పైపులో పెట్రోలుకు బదులు ఆవిరి బుడగలు నిలుస్తాయి. తడి గోనెసంచి ఒకటి డబ్బా మీద, పైపు మీద కప్పటం మించిన మందు లేదు. గాలి మరను మాత్రం గోనెతో మూసెయ్యకూడదు.

ఆయిలు సంగతి మళ్ళీ వస్తుందన్నాను. నాలుగు స్ట్రోకుల ఇంజనుకు పెట్రోలు తగ్గితే శక్తి తగ్గుతుంది, ఆగిపోతుంది. మా మోటారులో పెట్రోలు తగ్గితే ఆయిలు కూడా తగ్గుతుంది, ఎందుకంటే పిస్టనుకు తడి వచ్చేది ఆ పెట్రోలులోనుంచే. పైగా పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైన మిశ్రమం వేడిగా మండుతుంది. వేడి పెరుగుతుంది, జిడ్డు తగ్గుతుంది. పిస్టను సిలిండరుకు పట్టేస్తుంది. అందుకే మూలుగుతున్న ఇంజనుకు థ్రాటిలు ఇంకా తిప్పి బలవంతాన లాగించటం కన్నా తెలివితక్కువ పని లేదు. మా పొరుగు లంకలో ఒక మోటారు అట్లాగే పోయింది. రెండు వందల రూపాయల ఉంగరంతో పోయే రోగం, మోటారునే మింగింది.

కనుక ఏటి నడుమ ఇంజను ఆగితే నా వరస ఇది. అందరికన్నా ముందు లంగరు. అది పడ్డాక, పడవ నిలిచాక, ఇంజను మాట. లంగరు అందని లోతైతే ఒకరు తెడ్డుతో పడవ ముక్కును గట్టువైపు తిప్పి ఉంచాలి. తరవాత డబ్బా మూత వదులు చెయ్యి, చప్పుడు విను. డబ్బాలో పెట్రోలు ఉందో లేదో అప్పుడే కనబడుతుంది. నవ్వకండి, ఇదీ జరిగేదే. బల్బు పట్టుకో: చప్పిడా, మెత్తనా, గట్టా? క్లిప్పును ఊడదీసి మళ్ళీ టక్కుమనేట్టు తగిలించు. బల్బు గట్టిపడేదాకా నొక్కి తాడు లాగు. అందుకుంటే నెమ్మదిగా, బల్బు నొక్కుతూ, దగ్గరి గట్టుకు పో. బయల్దేరిన రేవు ఏదైనా సరే. ఇంతవరకూ రెండు నిమిషాలు. ప్లగ్గు వంతు దీని తరవాత.

ఒక రేకు డబ్బాలో కొత్త బల్బు ఒకటి, క్లిప్పు ఉంగరాలు రెండు, రెండు మీటర్ల పైపు, నాలుగు పట్టీలు, ఒక స్క్రూడ్రైవరు పెట్టి పడవలోనే ఉంచుతున్నాం. పైపు మాత్రం ఇథనాలుకు తట్టుకునేదని అడిగి కొన్నాం. వరద రోజులు రాకముందే పాత పైపు తీసేశాం.

పడవను నాలుగు రోజులు కట్టేసేటప్పుడు ఇంజనును నీళ్ళలో ఉంచే, బరువు లేకుండా నెమ్మది మీద ఆడిస్తూ, క్లిప్పు ఊడదీస్తాను. గిన్నెలో ఉన్నదంతా తాగి దానంతట అదే ఆగుతుంది. జెట్టుల్లో ఎండి జిగురుకట్టటానికి ఏమీ మిగలదు. "వందకు పైగా పెట్టి కొన్న పెట్రోలు ఒట్టినే కాలుస్తున్నావు" అని బాబాయి ఇప్పటికీ గట్టు మీద నిలబడి గొణుగుతూనే ఉంటాడు. గొణుగుతూనే, డబ్బా మర మాత్రం తనే వంగి మూస్తున్నాడు.